పిల్లలతో, పెద్దలతో కరీబియన్ బీచికి: కాంకూనా, పుంటా కానానా, గ్రేస్ బేనా?

రిసార్టు ఫొటోలు చూసే ముందు పాస్‌పోర్టు తీసి, అమెరికా వీసా స్టాంపు ఎప్పటిదాకా ఉందో చూడండి. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే భారత పాస్‌పోర్టుతో కాంకూన్ ఉన్న మెక్సికోకీ, పుంటా కానా ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌కీ, గ్రేస్ బే ఉన్న టర్క్స్ అండ్ కైకోస్ దీవులకీ వేరే వీసా అక్కర్లేదు. హెచ్-1బి, హెచ్-4 వాళ్లకు స్టాంపు గడువు తీరిపోయి చేతిలో ఐ-797 (హెచ్ హోదా మంజూరు పత్రం) మాత్రమే ఉంటే చిక్కే. 30 రోజుల్లోపు వెళ్లి పాత స్టాంపుతోనే తిరిగి వచ్చే వెసులుబాటు వాళ్లకు కెనడా, మెక్సికోలకే ఉంది, దీవులకు లేదు. మెక్సికో వెళ్దామన్నా, గడువు తీరిన స్టాంపు అక్కడ చెల్లదు కాబట్టి వాళ్ల వీసా విడిగా తీసుకోవాలి. అలాంటప్పుడు అమెరికా భూభాగమే అయిన ప్యూర్టో రికో మేలు. కాకపోతే ఆల్-ఇన్‌క్లూజివ్ హోటళ్లు, అంటే గది, తిండి, పానీయాలు అన్నీ ఒకే ధరలో ఇచ్చేవి, అక్కడ చాలా తక్కువ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తుంటే, వాళ్ల బి-2 (సందర్శకుల) వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా చూసుకోండి. తిరిగొచ్చాక అమెరికాలో ఉండే ఆరు నెలల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందన్న లెక్క మాత్రం పెట్టుకోవద్దు.

తర్వాత చూడాల్సింది బీచి ఏ దిక్కుకు ఉందన్నది. చిన్నపిల్లలున్న ఇంటికి ఇది స్టార్ రేటింగు కంటే ముఖ్యం. కాంకూన్ హోటల్ జోన్ మ్యాపులో 7 అంకెలా ఉంటుంది. పైగీత ఉత్తరానికి ఉంది. ఎదురుగా ఇస్లా ముహెరెస్ దీవి అడ్డం ఉండటంతో నీళ్లు నిలకడగా, మోకాలి లోతులో చాలా దూరం ఉంటాయి. నిలువుగీత తూర్పున తెరిచిన సముద్రానికి ఉంది. అక్కడ అలల ఉరవడికి ఎర్రజెండా ఎగిరే రోజులు ఎక్కువ, ఐదేళ్ల పిల్లవాడు ఈత కొలనుకే పరిమితం. ధర ఒకటే అయినా ఈ రెండు గీతల మధ్య సెలవు పూర్తిగా మారిపోతుంది.

సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కూడా తూర్పు తీరాలకే కొట్టుకొస్తుంది, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. ఒడ్డున కుళ్లితే కుళ్లిన కోడిగుడ్ల వాసన. కాంకూన్‌కు దక్షిణాన ఉన్న ప్లాయా దెల్ కార్మెన్, తులుమ్ ఊళ్ల వైపు, పుంటా కానాలో బవారో వైపు దీని బెడద ఉంటుంది. పుంటా కానాకే వెళ్లాలనుకుంటే, ఆ నెలల్లో విమానాశ్రయానికి సుమారు గంట దూరంలో, ద్వీపానికి దక్షిణాన ఉన్న బయాహిబే మేలు. చలికాలంలో అయితే బవారోయే హాయి. పగడపు దిబ్బ అడ్డు ఉన్నచోట అలలు మెత్తగా ఉంటాయి. ఉవెరో ఆల్టో వైపు ధర తక్కువని మోజు పడొద్దు, అక్కడ అలలు పెద్దవి. టర్క్స్ అండ్ కైకోస్‌లోని గ్రేస్ బే ఉత్తరానికి ఉంది, ముందు పగడపు దిబ్బ కాపలా. పసిపిల్లలకు ఈ మూడింటిలో అంత నెమ్మదైన సముద్రం మరొకటి లేదు.

పిల్లల వయసు దగ్గరే డబ్బు తేడా తెలుస్తుంది. చాలా రిసార్టుల్లో కిడ్స్ క్లబ్ నాలుగేళ్ల నుంచే, అదీ డైపరు మానేసిన పిల్లలకే. అంతకంటే చిన్నపిల్లలుంటే ఆయాకు గంటల లెక్కన విడిగా కట్టాలి. గ్రేస్ బేలోని బీచెస్ రిసార్టులో పసిపిల్లల సంరక్షణ, విమానాశ్రయం నుంచి రవాణా, నీళ్ల ఆటల పార్కు అన్నీ ధరలోనే ఉంటాయి, టిప్పులూ అక్కర్లేదు. దాని ధర చూసి గుండె గుభేలుమంటుంది. అయినా రెండేళ్ల బిడ్డ ఉన్నవాళ్లు కాంకూన్ ధరకు ఆయా, ట్యాక్సీ, టిప్పులు కలిపి చూస్తే తేడా కొంత తగ్గుతుంది. పిల్లలు ఆరు దాటితే అంత పెట్టాల్సిన పని లేదు. ఇంకొకటి, ఆల్-ఇన్‌క్లూజివ్ ధరలో మద్యం ఖర్చూ కలిసే ఉంటుంది. ఇంట్లో ఎవరూ తాగకపోతే, పైగా చిచెన్ ఇట్జా (ప్రాచీన మాయన్ శిథిలాలు) లాంటి చోట్లకు రెండు మూడు రోజులు బయటికే పోతే, వంటగది ఉన్న అపార్టుమెంటు చవక.

ఇక శాకాహారుల తిండి సంగతి. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే మెక్సికోలో ఎర్రటి అన్నం కోడి ఉడికించిన నీళ్లతో, చిక్కుడు ముద్ద పంది కొవ్వుతో వచ్చే అవకాశం ఎక్కువ. వాటిలో ముక్క కనపడదు కాబట్టి వడ్డించేవాళ్లకూ తట్టదు. విడివిడిగా అడగాలి: ‘సిన్ కాల్దో దే పోయో’ అంటే కోడి రసం వద్దని, ‘సిన్ మాంతేకా’ అంటే పంది కొవ్వు వద్దని. మొక్కజొన్న తోర్తీయా (పల్చటి రొట్టె) తినొచ్చు. గోధుమపిండిదైతే కొవ్వు సంగతి అడిగాకే. డొమినికన్ వైపు మన నోటికి దగ్గరైనది మంగూ. పచ్చి అరటికాయ ఉడికించి మెదిపి, పైన ఉల్లిపాయలు వేస్తారు. పక్కన పెట్టే సలామీ మాంసం వద్దని చెబితే చాలు. జమైకాలో అయితే కల్లాలూ అడగండి, అది మన తోటకూరే. ఉప్పుచేప కలపొద్దని మాత్రం చెప్పాలి. ఎక్కడైనా ఇండియన్ పెళ్లిళ్లు జరిగే పెద్ద రిసార్టునే ఎంచుకుంటే, అక్కడి వంటవాళ్లకు పప్పూ అన్నం కొత్త కావు. మొదటిరోజే చెఫ్‌ను కలిసి, పెనం విడిగా పెడతారా అని అడగండి.

పెద్దవాళ్ల మోకాళ్ల గురించి పుంటా కానాలో మరీ అడగాలి. మూడంతస్తుల పాత బ్లాకులు కొన్నింటిలో లిఫ్టు ఉండదు. బఫే హాలుకు దగ్గర్లో కింది అంతస్తు గది ఇస్తామని ఈమెయిల్‌లో రాయించుకోండి.

కాంకూన్ విమానాశ్రయంలో కస్టమ్స్ దాటగానే ‘మీ ట్యాక్సీ మేమే’ అంటూ పలకరించేవాళ్లలో ఎక్కువమంది టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే వాటా) అమ్మేవాళ్లు. ఆగకుండా భవనం బయటికి నడవండి, ముందే బుక్ చేసిన బండి అక్కడే ఉంటుంది. పిల్లల కారు సీటు బుకింగులోనే అడగాలి.

ఇవన్నీ కలిపి చూస్తే, నాలుగైదు రోజుల సెలవుకు, తాతయ్య, అమ్మమ్మ, బడి వయసు పిల్లలతో వెళ్లేవాళ్లకు కాంకూన్ ఉత్తరపు ఒడ్డే మేలు. అమెరికాలో ఎక్కువ నగరాల నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణంలోనే పెద్దవాళ్లు అలిసిపోరు. డిసెంబరు నుంచి మార్చి దాకా, ఖర్చు అదుపులో పెట్టుకోవాలంటే బవారో. మూడేళ్ల లోపు బిడ్డ ఉండి, చేతిలో డబ్బు ఉంటే గ్రేస్ బే.

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా మూడింటికీ తుపాను కాలమే. సెప్టెంబరు నడిమధ్య రోజులు మరీ గడ్డు. ఆ నెలల్లో ధరలు పడిపోయేది అందుకే. ప్రయాణ బీమా టికెట్లతో పాటే కొనండి: తుపానుకు పేరు పెట్టేశాక కొన్న పాలసీ ఆ తుపాను నష్టానికి పైసా ఇవ్వదు.