తలుపు చుట్టూ టేకు పట్టీ: మేకులు వద్దు, స్క్రూలతోనే బిగించండి

తలుపుల చుట్టూ చెక్క పట్టీలు వేయించుకోవాలనుకునేవాళ్లు ముందుగా డిజైన్ల పుస్తకం తిరగేస్తారు. లతలా, గీతలా, గుండ్రటి అంచా, పలక అంచా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. ఐదారేళ్లు వాడిన తర్వాత నేను ముందుగా అడిగే ప్రశ్న వేరు. ఈ పట్టీని విరగకుండా ఊడదీసి, మళ్లీ అదే చోట బిగించగలమా? మా ఇంటి తలుపులకున్న సాదా టేకు పట్టీలంటే నాకు ఇంత ఇష్టం ఏర్పడింది ఈ ఒక్క గుణం వల్లే.

మాది కాకినాడలో పాత ఇల్లు, పక్కపక్కనే రెండు వాటాలు. ఒకదానిలో మేము, రెండోదానిలో మా మరిదిగారి కుటుంబం. ఇల్లు బాగుచేయించినప్పుడు ఎవరి వాటా వాళ్లు తమకు నచ్చినట్టు చేయించుకున్నాం. మా వైపు తలుపులకు మూడంగుళాల వెడల్పు టేకు పట్టీలు వేశారు. నున్నగా చిత్రిక పట్టి, పదును తగలకుండా అంచులు కాస్త అరగదీసి, ఇత్తడి స్క్రూలతో బిగించారు. వాళ్ల వైపు ఎండీఎఫ్ పట్టీలు, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలకవి. నిలువునా వరుస గీతలు, పైన తెల్ల రంగు, లోపల జిగురు, తల కనబడని సన్న మేకులు. కొత్తలో ఎవరు వచ్చినా వాళ్ల తలుపుల దగ్గరే ఆగి చూసేవారు. అవి నిజంగానే అందంగా ఉండేవి. మూలల దగ్గర అతుకు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది.

అసలు ఈ పట్టీ ఎందుకు? ద్వారబంధం చెక్కది, గోడ సిమెంటుది. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. సిమెంటు దానితో పాటు కదలదు. ఎంత మంచి మేస్త్రి పూత పూసినా రెండు మూడు కాలాలు తిరిగేసరికి బంధం చుట్టూ సన్నటి బీట కనిపిస్తుంది. పట్టీ ఆ బీటను కప్పుతుంది. అయితే బీటతో పాటు దాని లోపల జరిగేది కూడా కప్పేస్తుంది. సముద్రపు గాలి, నేల చెమ్మ ఉన్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

స్క్రూల సలహా మా వడ్రంగిది. పెద్దాయన, ఎక్కువ మాట్లాడడు. "మేకులైతే ఒక పూటలో అయిపోతుందమ్మా. స్క్రూలంటే రెండు రోజులు పడుతుంది. కానీ తీయాల్సొచ్చిన రోజున చెక్కా మిగులుతుంది, గోడా మిగులుతుంది" అన్నాడు. ఆయన పని దగ్గర కూర్చుని చూశాను. ఇత్తడి మెత్తటి లోహం. గట్టి కర్రలోకి నేరుగా తిప్పితే తల మీది గాడి చెడిపోతుంది, ఒక్కోసారి స్క్రూ లోపలే తెగిపోతుంది. అందుకని ముందు సన్నటి రంధ్రం తొలిచి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి బిగించి తీసేసి, ఆ తర్వాత ఇత్తడిదాన్ని కొవ్వొత్తి మైనానికి రుద్ది లోపలికి పంపాడు. ఇనుపవే ఉంచేయొచ్చు కదా అంటే, ఈ గాలికి తుప్పు పట్టి టేకు మీద నల్లటి మరకలు దిగుతాయన్నాడు. స్క్రూలన్నీ ద్వారబంధంలోకే వెళ్లాయి, గోడలోకి ఒక్కటీ వెళ్లలేదు. చెక్క చెక్కతో కదలాలి, గోడ సంగతి గోడ చూసుకుంటుంది అన్నది ఆయన లెక్క.

ఈ శ్రమకు ఫలితం ఒక వానాకాలం చివర, దసరా దాటాక తెలిసింది. పడకగది తలుపు కింద, నేల టైలు అంచు నుంచి పట్టీ మొదలు దాకా సన్నటి మట్టి గీత ఒకటి కనిపించింది. గోరుతో గీకితే లోపల తెల్లటి పురుగులు. చెదలు. అవి వెలుతురులోకి రావు. నేలలోంచి తడి మట్టి తెచ్చుకుని గొట్టంలా కట్టుకుంటూ, ఆ చాటునే పైకి పాకుతాయి. పట్టీ వెనక బీట వాటికి సిద్ధంగా ఉన్న దారి.

వడ్రంగిని పిలిపించాం. స్క్రూలు ఒక్కొక్కటే తిప్పి తీసి పళ్లెంలో వేశాడు. ప్రతి పట్టీ వెనక పెన్సిలుతో గుర్తు పెట్టాడు: ఏ తలుపు, ఏ పక్క, ఏది పైకి. మూడు ముక్కలూ గోడకు ఆనించేసరికి అరగంట కూడా పట్టలేదు. లోపల దృశ్యం చూసి నోట మాట రాలేదు. బంధానికీ పూతకూ మధ్య నా నడుము ఎత్తు దాకా మట్టి దారులు, మధ్యలో చీలి కొమ్మలు. బంధం కర్రలో చేవను, అంటే మాను నడిమి ముదురు భాగాన్ని, ముట్టలేదు. అంచున ఒక వేలి వెడల్పున బెరడు వైపు లేత తెల్లచెక్క ఉండిపోయింది. దాన్ని మాత్రం తినేశాయి. ఉలి మొన ఆనిస్తే తడిసిన బిస్కట్‌లోకి దిగినట్టు దిగిపోయింది. టేకు పట్టీల వెనక మట్టి అంటుకుంది గానీ చెక్కకు ఏమీ కాలేదు, ఒక్క ముక్క తప్ప. ఆ ముక్కలో కూడా చేవలేని తెల్ల చార ఒకటి ఉంది, అంతమేరకు కొరికాయి. టేకుకు చెద పట్టదని మనవాళ్లు అనే మాట చేవకే వర్తిస్తుంది. కొనేటప్పుడు పట్టీని తిప్పి వెనక పక్క రంగు చూడండి. ముందు పక్క పాలిష్ అన్నిటినీ ఒకే రంగుకు తెస్తుంది.

తర్వాత చెదల మందు కొట్టేవాళ్లు వచ్చారు. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు చేసి, ఇమిడాక్లోప్రిడ్ ద్రావణం పోసి, సిమెంటుతో మూశారు. బంధం చుట్టూ ఉన్న బీటలోకి సిరంజితో ఎక్కించారు. పట్టీలు కొన్నాళ్లు బిగించకుండా వదిలేసి, కొత్త మట్టి వస్తుందేమో చూశాం. రాలేదు. తెల్లచెక్క తొలగించి అక్కడ చేవ ముక్క అతికాక పట్టీలు మళ్లీ ఎక్కాయి. అవే రంధ్రాలు, అవే స్క్రూలు. కొత్తగా రంగు వేయవలసిన చోటు గోడ మీద ఒక్కటీ లేదు.

అదే వారంలో పక్క వాటాలోనూ చూద్దామన్నాం. అక్కడ బయటికి ఏ మట్టీ కనబడలేదు. మా తోడికోడలు వేలితో పట్టీని నొక్కితే లోపలికి పోయింది. రంగు పొర ఒక్కటే నిలబడి ఉంది, దాని వెనకున్న ఎండీఎఫ్‌ను చాలామేరకు చెదలు ఖాళీ చేశాయి. తలుపుల పట్టీలన్నీ తీయక తప్పలేదు. జిగురు గోడను వదలలేదు. గునపం మొనతో లేపితే పట్టీ ముక్కలైంది, దానితో పాటు అరచేయంత పూత పెచ్చులు ఊడి వచ్చాయి. స్నానాలగది తలుపు దగ్గర చెద లేదు గానీ, అడుగున కోసిన అంచు నీళ్లు పీల్చి ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. ఎండీఎఫ్ ఒకసారి ఉబ్బితే ఆరినా మామూలు కాదు. తీరా కొత్తవి వేద్దామంటే ఆ గీతల నమూనా దుకాణంలో రావడం ఆగిపోయింది. పట్టీలతో మొదలైన పని పూత, లప్పం, రంగు దాకా పోయి, ఇల్లంతా దుమ్ముతో నిండిపోయింది. ఆ పట్టీలు ఎంత ముచ్చటపడి ఎంచుకున్నదో నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆమె ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

నా టేకు పట్టీలలో లోపాలు లేవని కాదు. ఇత్తడి స్క్రూల తలలు సముద్రపు గాలికి నల్లబడతాయి, పండగలకు చింతపండుతో తోమితే గానీ మెరవవు. గోడ ఎక్కడ సమంగా లేదో అక్కడ పట్టీ వెనక సందు ఉంటుంది, అందులోంచి చీమలు వస్తాయి. రంగు పనివాళ్లు ఆ సందులో లప్పం కూరుతామంటారు. అలా కూరితే తీసేటప్పుడు ముందు బ్లేడుతో గీత కోయాలి, లేకపోతే గోడ రంగు లేచిపోతుంది. తీసి పెట్టిన ప్రతిసారీ రంధ్రం కొద్దిగా వదులవుతుంది. ఒకచోట ఇప్పటికే అగ్గిపుల్ల ముక్క దూర్చి బిగించవలసి వచ్చింది. ఇక ఖర్చు. టేకు ధరకు రెండు రోజుల కూలి కలిపితే ఎండీఎఫ్ పక్కన చాలా బరువుగానే ఉంటుంది.

చెక్కుడు పని అంటే నాకు గిట్టదని అనుకోవద్దు. వీధి గుమ్మానికి లతలు చెక్కిన పట్టీయే వేయించాం, అక్కడ అది ఉండవలసిందే. గడపకు పసుపు రాసిన చేయి పక్కకు తగిలి ఆ లతల లోతుల్లో పసుపు చేరుతుంది, దుమ్ము చేరుతుంది. పాత పళ్ల బ్రష్‌తో శుభ్రం చేస్తాను. ఒక్క గుమ్మానికైతే అది ఇష్టమైన పనే, అన్ని తలుపులకూ నా వల్ల కాదు. పై పట్టీకి రెండు చివరలా ఇత్తడి కొక్కేలు ముందే పెట్టించుకున్నాం. పండగ వచ్చినప్పుడల్లా తోరణం కోసం మేకు కొట్టి చెక్కకు చిల్లులు చేయవలసిన అవసరం రాలేదు.

కిటికీలకు చెక్క వద్దనుకుని చీమకుర్తి నల్ల గ్రానైట్ చట్రం వేయించాం. పడమటి వైపు మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాలుతుంది గానీ, వానకు చెక్కుచెదరలేదు. అడిగి చేయించుకోవలసింది ఒకటే. కింది రాయి బయటికి కాస్త వాలుగా ఉండాలి, ముందుకు వచ్చిన అంచు అడుగున సన్నటి గాడి కోయాలి. గాడి లేకపోతే నీరు రాయి అడుగునే పాకి గోడ మీదికి దిగుతుంది. గాడి ఉంటే అక్కడే బొట్లుగా రాలిపోతుంది.

హాలు గోడకు చతురస్రాలుగా పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్ పట్టీలు అతికించాం. తేలిక, తడికి భయం లేదు, చెదలు తినవు. మొదట్లో అందరికీ అవే చెప్పేదాన్ని. ఇప్పుడు చెబుతూనే ఒక హెచ్చరిక కలుపుతున్నాను: వాటి దగ్గరికి థిన్నర్ రానివ్వకండి. తలుపులకు పాలిష్ వేసే కుర్రవాడు పట్టీ మీద పడిన చుక్కను థిన్నర్ గుడ్డతో తుడిచాడు. పూల నమూనా జిగురులా కరిగి గుడ్డకు అంటుకుంది. ఆ ప్లాస్టిక్ గుణమే అంత. అదనంగా కొన్న రెండు పట్టీలు అటక మీద ఉండబట్టి సరిపోయింది. గోడ మీద చతురస్రాలు గీసే ముందు స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో చూసుకోండి. పట్టీ బోర్డు మధ్యలోంచి పోతే ఎంత ఖరీదైన పనైనా అతుకులబొంతగా కనిపిస్తుంది.

ఇదంతా సొంత ఇల్లు, నేల మీది అంతస్తు, తీరప్రాంతపు చెమ్మ, పిలిస్తే వచ్చే వడ్రంగి ఉన్న మా పరిస్థితిలో తేలిన సంగతి. హైదరాబాద్‌లో ఏడో అంతస్తులో ఉండే మా అమ్మాయికి ఇంత పట్టింపు అక్కరలేకపోవచ్చు. అక్కడ చెద భయం తక్కువ, గాలి పొడి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు టేకు మీద డబ్బు పోయడం నాకైతే సబబుగా తోచదు. స్నానాలగది తలుపుకు మాత్రం ఎక్కడున్నా ఎండీఎఫ్ వద్దనే చెబుతాను.

పక్క వాటాకు కొత్త పట్టీల కొలతలు మొన్ననే తీసుకున్నారు. ఈసారి టేకే, స్క్రూలే. మా తోడికోడలికి పలక అంచు నచ్చలేదు, గుండ్రంగా కావాలంటోంది. వడ్రంగి అభ్యంతరం చెప్పలేదు. స్క్రూ తల కూర్చోవడానికి మధ్యలో అంగుళం వెడల్పున చదును వదిలితే చాలన్నాడు.