82 టిగ్ రాడ్ (వెల్డింగ్‌లో కరిగించి పోసే నికెల్ మిశ్రమం రాడ్), 2.4 ఎంఎం: ఆర్నెల్లు వాడాక

బాలానగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్. హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లకి ఫర్నేస్ ట్రేలు, రేడియంట్ ట్యూబులు చేసిస్తాం. ఒక ఆర్డర్‌లో 800హెచ్ (వేడికి తట్టుకునే నికెల్ మిశ్రమం) పైపుకి 310 (వేడికి తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్) ఫ్లాంజ్ అతకాలి. చేతిలో ఉంది కదా అని 310 రాడ్‌తో లాగించేశాం. బీడ్ (అతుకు గీత) ముచ్చటగా వచ్చింది. డీపీ టెస్ట్‌లో (ఎర్ర రంగు పూసి, తుడిచి పగుళ్లు పట్టే పరీక్ష) తెల్ల డెవలపర్ కొట్టాక చూస్తే, టార్చ్ ఆపిన చోటల్లా ఎర్రటి చుక్క, దానికి కాళ్లు. అన్నీ క్రేటర్ క్రాకులే, అంటే బీడ్ ఆపిన చోటి గుంటలో పగుళ్లే. గ్రైండ్ చేసి మళ్లీ పోస్తే మళ్లీ అక్కడే.

తప్పు మా అలవాటుది. మామూలు స్టెయిన్‌లెస్ 304ని 308 రాడ్‌తో అతికితే లోహం గడ్డకట్టేటప్పుడు ముందు ఫెర్రైట్ అనే స్ఫటిక రూపం పుడుతుంది, గంధకాన్నీ భాస్వరాన్నీ చాలావరకు తనలో ఇముడ్చుకుంటుంది. 310లో క్రోమియం 25 శాతం, నికెల్ 20 శాతం. అది నేరుగా ఆస్టెనైట్ అనే మరో స్ఫటిక రూపంగానే గట్టిపడుతుంది. గంధకం, భాస్వరం అందులో ఇమడక చివరిదాకా మిగిలే ద్రవంలో చేరతాయి. చుట్టూ గట్టిపడినా రేణువుల మధ్య ఆ ద్రవం పల్చటి పొరలా ఉండిపోతుంది. చల్లారే లోహం ముడుచుకుంటూ లాగితే అక్కడే చీలుతుంది.

అప్పుడు తెప్పించాం ఈ 82. ఇందులో మూడింట రెండొంతులకు పైగా నికెల్, 20 శాతం క్రోమియం, సుమారు 3 శాతం మాంగనీసు, రెండున్నర శాతం నియోబియం. మాంగనీసు గంధకాన్ని కొంత పట్టి ఉంచుతుంది. అయితే ఇదీ ఆస్టెనైటే, పగలదని ధీమా వద్దు. మొదటి రోజే ఒకటి పగిలింది. మార్కింగ్ చాక్ గీత తుడవకుండా పోశాడు మావాడు; అలాంటి మురికిలోనూ గంధకం ఉండొచ్చు.

కరిగిన లోహం బెల్లం పాకంలా బద్ధకంగా కదులుతుంది, రూట్‌లోకి, అంటే అతుకు అడుగుకి, దిగదు. దిగట్లేదని ఆంప్స్ (కరెంట్) పెంచారో, పగుళ్లని పిలిచినట్టే. మేం అతికే అంచుల మధ్య వీ కోణాన్ని 60 నుంచి 80 డిగ్రీలకు వెడల్పు చేశాం. పాస్‌కీ పాస్‌కీ (పోసే పొరకీ పొరకీ) మధ్య లోహం వేడిని 150 డిగ్రీలు దాటనివ్వం. బీడ్ కాస్త ఉబ్బుగా వేసి, కరెంట్ మెల్లగా తగ్గిస్తూ క్రేటర్ నింపాకే టార్చ్ తీస్తాం. అప్పటి నుంచి రెండు ఆర్డర్లు డీపీలో ఒక్క మరకా లేకుండా పాసయ్యాయి.

ధర 310 రాడ్‌కి రెండింతల పైనే. గ్రైండింగ్ డిస్కులు, పోయిన కూలీ లెక్కేసుకున్నాక నాకది పెద్దగా అనిపించలేదు. చిరాకల్లా ఒక్కటే: 5 కిలోల డబ్బాలో నాలుగు రాడ్ల చివర గ్రేడ్ పంచ్ (చెక్కిన గ్రేడ్ ముద్ర) లేదు. 310 రాడ్లలో కలిస్తే ఎలా గుర్తుపట్టాలి? ఆ నాలుగూ పక్కన పడేశాం.

ఐదుకి నాలుగు స్టార్లు.