పెద్దాస్పత్రి దగ్గర ఉచిత భోజనం: అన్నానికి నాలుగు స్టార్లు, మిగతా తంతుకి ఒకటి

మామయ్యకి ఆపరేషనై గుంటూరు పెద్దాస్పత్రిలో ఉన్నన్నాళ్లూ, గేటు బయట ఓ చర్చి సంఘంవాళ్లు పెట్టే ఉచిత భోజనమే ఎక్కువగా తిన్నాను. నేనూ చర్చికి వెళ్లేవాడినే, ఇలాంటి పరిచర్యలకి కానుక ఇచ్చేవాడినే. అందుకే కాస్త కటువుగా రాస్తున్నా.

అన్నం వేడిగా, పొడిపొడిగా ఉంటుంది. దోసకాయ పప్పు చేసిన రోజు ఇంటి భోజనమే. సాంబారు మాత్రం నీళ్లు. వడ్డించే పెద్దావిడ ఎవరినీ ఊరూ పేరూ అడగదు. "ఇంకొంచెం వెయ్యనా నాయనా, రాత్రికి ఉంచుకుందువు" అంటూనే గరిట వంచేస్తుంది.

ఇబ్బందంతా ఆ గరిట దాకా చేరేలోపే. గిన్నెల మూత తీసేముందు బైబిలు వాక్యం, ప్రార్థన. సువార్త చెప్పుకోవడాన్ని నేనెందుకు తప్పుపడతాను? ఇదే ఊళ్లో 1898లో ఆడవాళ్లకి ఆస్పత్రి తెరిచిన అన్నా కుగ్లర్ దొరసాని మిషనరీ అని అందరికీ తెలుసు, ఆవిడేం దాచుకోలేదు. ఇక్కడ దాస్తున్నది వేరు. ప్రార్థనకి నిలబడకపోయినా, అయిపోయాక వచ్చినా భోజనం పెడతారు. ఆ సంగతి ఎక్కడా రాయరు. నా ముందున్న తాతగారు టోపీ సర్దుకుంటూ, ఆమేన్ అనకపోతే అన్నం రాదేమోనని పెదాలు కదిపాడు. "ప్రార్థన మీ ఇష్టం, భోజనం అందరికీ" అని ఒక్క అట్టముక్క కడితే సరిపోతుంది. కడితే వాక్యానికి ఎంతమంది ఆగుతారోనని వాళ్లకి భయం అనుకుంటా.

తర్వాత ఫోటోలు. ఒకామె కొంగు అడ్డం పెట్టుకుంటే, ఫోన్ పట్టుకున్న కుర్రాడు "కొంగు తీయండమ్మా, మొహం కనపడాలి" అన్నాడు. ఎందుకు తమ్ముడూ అంటే, "ఫోటో పంపకపోతే వచ్చే నెల కానుక రాదన్నా" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు. ఇందులో సగం పాపం కానుక ఇచ్చే మాదే. బియ్యం బిల్లు అడగాల్సినవాళ్లం పేదవాళ్ల మొహాలు అడుగుతున్నాం. బ్యానర్ మీద "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, పాస్టరు అయ్యగారూ అమ్మగారూ నిలువెత్తున ఉంటారు. ఆ మాట మత్తయి 25లోది. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దన్న 6వ అధ్యాయం కూడా ఆ సువార్తలోదే.

ఇదంతా మాకెందుకు అనుకుంటే అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం పెడతారు, ఆమేన్ అనక్కర్లేదు. ఇక్కడికే వస్తే ఒంటిగంట దాటాక రండి, అప్పటికి వాక్యం, ఫోటోలు రెండూ అయిపోతాయి, పప్పు ఇంకా ఉంటుంది. స్టీలు డబ్బా తెచ్చుకోండి. వాళ్లిచ్చే పేపరు ప్లేట్లు సాంబారుకి ఆగవు.