‘పీఎఫ్‌ఓఏ రహితం’ అన్న దోశ పెనం: చీటీ చెప్పేది, చెప్పనిది

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గరి ఒక స్టీలు సామాన్ల దుకాణంలో కొన్న ఈ నాన్‌స్టిక్ పెనంపై ‘పీఎఫ్‌ఓఏ రహితం’ అని పెద్ద అక్షరాల చీటీ అంటించి ఉంది. పనితనానికి వంక పెట్టలేము. చుక్క నూనెతోనే దోశ అంచు లేస్తుంది, అడుగు మందంగా ఉన్నందున వేడి సమంగా పాకుతుంది. జొన్నరొట్టెకు మాత్రం పనికిరాదు. రొట్టె పొంగాలంటే పెనం పొడిగానే బాగా కాగాలి. ఈ పూతను ఖాళీగా అలా కాచకూడదు. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత చెడడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగకు పంజరంలోని చిలక చచ్చిపోగలదు. పెట్టెపై ఈ హెచ్చరిక లేదు.

ఇక చీటీ సంగతి. పూత పేరు పీటీఎఫ్‌ఈ, టెఫ్లాన్ అని పిలిచేది ఇదే. దాని తయారీలో ఒకప్పుడు సాయంగా వాడిన రసాయనం పీఎఫ్‌ఓఏ. పెనంలో మిగిలే దాని జాడ అప్పుడూ స్వల్పమే, అసలు నష్టం ఫ్యాక్టరీల చుట్టూ జరిగింది. అమెరికాలోని పార్కర్స్‌బర్గ్ ప్రాంతంలో అది మంచినీటిలో కలిసింది. అక్కడి ప్రజలను పరిశీలించిన శాస్త్రవేత్తలు మూత్రపిండ, వృషణ క్యాన్సర్లతో సహా 6 వ్యాధులతో దానికి సంబంధం ఉండవచ్చని తేల్చారు. పీఎఫ్‌ఓఏలోని కార్బన్–ఫ్లోరిన్ బంధం చాలా గట్టిది కనుక మట్టిలోని సూక్ష్మజీవులు కూడా దాన్ని విరగ్గొట్టలేవు, మన రక్తంలో పీఎఫ్‌ఓఏ సగానికి తగ్గడానికే ఏళ్ళు పడుతుంది. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2015 నాటికే దాన్ని మానుకున్నాయి, 2019లో మొండి కాలుష్య రసాయనాలపై దేశాల మధ్య ఉన్న స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని నిర్మూలన జాబితాలో చేర్చింది. ఇంతకాలం తరువాత అది లేదనడం గొప్పేమీ కాదు. దాని స్థానంలో ఏది వాడారన్నదే చెప్పవలసిన మాట. బదులుగా వచ్చిన జెన్‌ఎక్స్ అనే రసాయనం కూడా నార్త్ కరోలినాలోని కేప్‌ఫియర్ నదిలో తేలింది. అడిగితే దుకాణదారు, “కంపెనోళ్ళు అంటించిందే సార్, మాకు తెల్వదు” అన్నారు. ఆయనను తప్పుపట్టలేము.

పక్కనే ఉన్న ఒక అమ్మ, “ఇందులో ఫ్లోరిన్ ఉంటదా?” అని అడిగారు. మన జిల్లాలో ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. పూతలో ఫ్లోరిన్ ఉన్నా, మన బోరునీళ్ళ ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్ళ నుంచి కరిగి వచ్చేది, పెనం దాన్ని పెంచదు. అయితే ఫ్లోరైడ్‌ను తగ్గించే పటిక, సున్నాల ‘నల్లగొండ పద్ధతి’కి పీఎఫ్‌ఓఏ వంటివి లొంగవు, వాటికి యాక్టివేటెడ్ కార్బనో, ఆర్వోనో కావాలి, ఆర్వో వదిలే వృథానీటిలో అవి మరింత చిక్కబడి మళ్ళీ నేలకే చేరతాయి.

దోశల వరకు 4 స్టార్లు, చీటీకి 1. పూత లేచాక పెనాన్ని ఏం చేయాలో కూడా పెట్టెపై లేదు. దుకాణం వెనక్కి తీసుకోదు. పాత సామాన్లవారికి వేస్తే అల్యూమినియం కరిగించే చోట ఆ పూత కాలి గాలిలో కలుస్తుంది. అదే దుకాణంలో వెనుక అరలో ఉన్న ఇనుప పెనం ధర ఇంతకంటే తక్కువ, జొన్నరొట్టెకూ పనికొస్తుంది. కొత్తలో కొన్నాళ్ళు నూనె పట్టించి కాచే ఓపిక ఉన్నవారు దాన్నే తీసుకోవచ్చు.