గుంటూరులో వినికిడి పరీక్ష: హాలుకి రెండు, పరీక్షకి నాలుగున్నర మార్కులు

హాలు ఇరుకు, టోకెన్లు లేవు, ఫోన్ చేసి వచ్చినవాళ్లే ముందు లోపలికి వెళ్తారు. అయినా పరీక్ష చేసిన అమ్మాయి ఓపికకి దండం పెట్టాలి.

బస్సు ఇంజన్ పక్కన కూర్చుని రిటైరైన చెవులు నావి. ఇంట్లో పర్లేదు, టీ కొట్టు దగ్గర నలుగురూ మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. అది చెబితే మామూలు పరీక్షతో ఆపకుండా, హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులకీ ఒకే హోరు పెట్టి, మధ్యలో 500 హెర్ట్జ్ కూత వదిలింది. నాకేం వినపడలేదు. "మళ్లీ వినండి బాబాయ్‌గారూ" అంటూ ఒక చెవిలో కూత తరంగాన్ని తిరగేసింది. శబ్దం పెంచలేదు, కూత మాత్రం హోరులోంచి బయటపడింది! మంచి చెవులకైతే దీనివల్ల కూత 12 నుంచి 15 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) దాకా తక్కువున్నా వినపడుతుందట. అమెరికాలో ఇరా హిర్ష్ అనే వినికిడి శాస్త్రవేత్త 1948లోనే ఈ సంగతి రాశాడు. ఒంటి చెవికి ఈ లాభం లేదు.

టిక్కుమని తెగిపోయే కూతలు కూడా నాకు అందలేదు, అంతే గట్టిదనంతో కాస్త సాగదీస్తే అందాయి. సుమారు 200 మిల్లీసెకన్ల దాకా చెవి శబ్దాన్ని కూడబెట్టుకుంటుంది. ఆలోపు నిడివి రెట్టింపైతే దాదాపు 3 డెసిబెల్స్ తక్కువలోనే వినపడుతుంది, ఆపైన సాగదీసినా పెద్దగా ఒరిగేదేం లేదు. దెబ్బతిన్న చెవులకి ఈ సాయమూ తగ్గుతుందట.

ఇంత చేసి, రిపోర్టులో హోరు పరీక్ష గురించి ఒక్క ముక్క రాయలేదు! అడిగితే పెన్నుతో రాసిచ్చారు. కౌంటర్లో కుర్రాడు ఖరీదైన వినికిడి మిషన్ అంటగట్టబోయాడు. ముందు రెండు చెవులకీ ట్రయల్ ఇవ్వమన్నాను, ఒప్పుకున్నారు.