ఫేక్ ఎక్స్‌పీరియన్సా, ఫ్రెషర్ జీతమా: ఏది మేలు?

బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు ముగించిన పిల్లల ముందు ఇప్పుడు రెండు దారులుంటున్నాయి. ఒకటి, ఏడాదికి మూడున్నర లక్షలకు ఫ్రెషర్‌గా చేరడం. రెండోది, కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు కాగితాలు పుట్టించి, ఎనిమిది తొమ్మిది లక్షలకు ప్రయత్నించడం. "అందరూ పెడుతున్నార్రా, నువ్వొక్కడివే ఆగితే ఎలా?" అనే స్నేహితుడు ప్రతి హాస్టల్లోనూ ఉంటాడు.

జీతం లెక్క చూస్తే రెండోదే బాగుంటుంది. మూడున్నర లక్షలంటే నెలకు 29 వేలనుకుంటాం. కంపెనీ వాటా పీఎఫ్ 1,800, మన వాటా ఇంకో 1,800, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వృత్తి పన్ను 200 పోగా చేతికొచ్చేది 24, 25 వేలు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకు పైగా ఆ మూడున్నర లక్షల చుట్టుపక్కలే ఉంది. 2023లో విప్రో అయితే ఆరున్నర లక్షల ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లని మూడున్నరకు చేరతారా అని అడిగింది. ఇది అన్యాయమే. పిల్లల కోపంలో న్యాయముంది.

ఆ కోపాన్నే కన్సల్టెన్సీలు సొమ్ము చేసుకుంటున్నాయి. ఒకప్పుడు పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ చూపిస్తే పని జరిగిపోయేది. ఇప్పుడు హెచ్ఆర్ అడిగేది యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ, పీఎఫ్ పాస్‌బుక్. ఎక్కడ చేరాం, ఎప్పుడు మానేశాం, నెలనెలా ఎంత పడింది, అన్నీ వాటిలో కనిపిస్తాయి. అందుకే "పీఎఫ్‌తో సహా" అని ఇంకో రేటు పుట్టింది. మన డబ్బే జీతమని మన ఖాతాలో వేస్తారు, పీఎఫ్ రెండు వాటాలూ మన జేబులోంచే. ఇంతా చేశాక, ఆ కాగితపు కంపెనీ బండారం ఎప్పుడు బయటపడినా దాని పేరుతో వచ్చినవాళ్ల ఫైళ్లన్నీ మళ్లీ తెరుస్తారు. చేరి రెండేళ్లయిందని ఎవరూ వదిలిపెట్టరు.

దొరక్కపోయినా సుఖం లేదు. రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ నిజంగా వాడే సిస్టమ్‌లో, దానంతటదే నడవాల్సిన బ్యాచ్ జాబ్ ఫెయిలైంది, క్లయింట్ కాల్‌లో ఉన్నాడు. మూడేళ్లు నిజంగా చేసినవాడు ముందు లాగ్ (ఏం జరిగిందో సిస్టమ్ రాసుకున్న రికార్డు) చూస్తాడు, డేటా సగం లోడయిందేమో చూసుకున్నాకే రీస్టార్ట్ చేస్తాడు. ఫేక్ పెట్టినవాడు మ్యూట్ చేసి, తన పని చాటుగా చేసిపెట్టడానికి తాను నెలనెలా డబ్బిచ్చే జాబ్ సపోర్ట్ మనిషికి ఫోన్ కొడతాడు. స్క్రీన్ షేర్ చేశాడంటే క్లయింట్ డేటా బయటివాడికి చూపించినట్టే. మొదటి అబద్ధం కంటే ఇది పెద్ద నేరం. ఇలా బతికేవాడికి టీమ్‌లో ఒక్క డౌటు అడగడానికీ ధైర్యం చాలదు. పని నేర్చుకునే దారే మూసుకుపోతుంది.

నన్నడిగితే ఫ్రెషర్ జీతమే మేలు, కాకపోతే పేరు చూసి కాదు, పని చూసి చేరాలి. పెద్ద కంపెనీలో ప్రాజెక్టు లేక నెలల తరబడి బెంచి మీద కూర్చోవడం కంటే చిన్న కంపెనీలో సపోర్ట్, టెస్టింగ్ పనైనా నయం. పని ఒక కంపెనీలో, జీతమిచ్చేది ఇంకో పేరోల్ కంపెనీ అయిన కాంట్రాక్టు ఉద్యోగమైనా సరే, పీఎఫ్ నిజంగా పడుతుంటే అది అసలైన అనుభవమే. చేరేముందు బాండ్ (మధ్యలో మానేయనని రాసిచ్చేది) ఎన్నాళ్లో, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారేమో అడగండి. సర్టిఫికెట్లు పెట్టుకుంటామన్నా, డిపాజిట్ కట్టమన్నా అక్కడ చేరొద్దు. రెండేళ్లు నిండగానే మారండి, మొహమాటపడకుండా ఎక్కువ అడగండి.