రాశిఫలాలను ఇంగ్లీషులో రాసేవారికి పనికొచ్చే నిఘంటువు

ఉగాది దగ్గరపడిందంటే నా బల్ల మీద పంచాంగం పక్కన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఉండాల్సిందే. తెలుగు చదవడం రాని ప్రవాసుల పిల్లల కోసం రాశిఫలాలను ఇంగ్లీషులోకి మార్చే పని నాది. ధనయోగం, ఆకస్మిక లాభం, దైవానుకూలత, విధివ్రాత... ఏ రాశి తీసుకున్నా ఇవే మాటలు. మామూలు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తిరగేస్తే లక్, ఫార్చూన్, చాన్స్ అన్నింటికీ అదృష్టమే, ఫేట్‌కూ డెస్టినీకీ విధే. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకునే భారం మాత్రం మనదే.

ఈ డిక్షనరీలో 'లక్' దగ్గర ఒక గడి కట్టి, అందులో లక్, చాన్స్, కోఇన్సిడెన్స్, యాక్సిడెంట్, ఫేట్, డెస్టినీలను కలిపి పెట్టి తేడాలు చెప్పారు. చివరి రెండింటి మీద రాసిన నాలుగు ముక్కల కోసమైనా దీన్ని దగ్గర ఉంచుకోవచ్చు. ఫేట్ ఒక్కోసారి కరుణిస్తుంది గానీ అది అనుకోని వరం. అంతే తేలిగ్గా కాటువేసి మనిషిని నిస్సహాయుణ్ని చేస్తుంది. డెస్టినీ అలా కాదు, ఏదో గొప్ప పని కోసమే పుట్టానన్న ధీమా ఇస్తుంది. నాకు సాయం చేసే కుర్రవాడు కన్యారాశి వారి వివాహయోగానికి ఫేట్ అని వేశాడు. అది చదివితే పెళ్లి కుదిరినట్లు కాదు, శిక్ష పడినట్లు ఉంది! ముహూర్తం రోజుకేమో 'ఫేట్‌ఫుల్' తగిలించాడు. రాబోయే రోజులను మార్చేసేది, అదీ తరచుగా చెడువైపే, అని ఆ మాటకు అర్థం. ఆడపిల్ల తండ్రి కంట పడకముందే కొట్టేశాను. అలాగని డెస్టినీ కూడా పెట్టలేదు. సంబంధం కుదరడానికి అంత బరువైన మాట దేనికి? చాన్స్ సరిపోయింది.

అసలు చిక్కంతా ఫార్చూన్‌తోనే. ఆ గడిలో దాన్ని చేర్చలేదు, విడిగా వెతుక్కోవాలి. ముందు 'ఏ' (a) అనే ఆర్టికల్ లేకపోతే అదృష్టం, ఉంటే బోలెడంత డబ్బు. బహువచనంలో అయితే ఒక మనిషికో కుటుంబానికో దేశానికో కలిగే మంచిచెడ్డలు. ధనస్థానంలో గురువున్నాడు కదా అని 'గుడ్ ఫార్చూన్' రాస్తే డబ్బు సంగతి ఎగిరిపోతుంది. పోనీ 'ఏ ఫార్చూన్' అంటే లాటరీ తగిలినంత మాట. ఆదాయం 11, వ్యయం 5 అని ఉన్నంత మాత్రాన ఒకరికి అంత ఆశ పెట్టడం న్యాయం కాదు. నేను 'గెయిన్స్' దగ్గర ఆగిపోతాను. ఇంకో తమాషా ఏమిటంటే, డబ్బు వాసన ఫార్చూన్‌కే గానీ దాని చుట్టాలకు లేదు. 'ఫార్చునేట్' అంటే ధనవంతుడు కాదు, 'మిస్‌ఫార్చూన్' అంటే ఆస్తి పోవడం కాదు. కలిమి సంగతి చెప్పాలంటే 'వెల్త్' ఉంది, కానీ అది కూడబెట్టిన సంపద. ఈ నెల చేతికి రాబోయే బాకీకి నప్పదు.

లోటు లేదా అంటే ఉంది. 'ప్రాప్తం లేదు' అన్నదానికి ఫేట్ కిందా లక్ కిందా ఎంత వెతికినా సరైన మాట దొరకదు. 'మీన్' (mean) అనే క్రియ దగ్గరికి వెళ్లి 'నాట్ మెంట్ టు బి' పట్టుకుంటే గానీ పని జరగదు, అక్కడ ఉంటుందని ఎవరికి తడుతుంది! పుస్తకం బరువు, అక్షరాలు సన్నం. నాలా నలభై దాటినవారికి వెబ్‌సైటే మేలు. అది ఉచితం, బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు కూడా వినిపిస్తుంది. తెలుగు అర్థాలు ఎక్కడా ఉండవు, అవే కావాలనుకునేవారు దీని జోలికి పోనక్కరలేదు.

హార్న్‌బీ కూర్చిన ఈ నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ 1948లో ప్రచురించింది. తర్వాత ఎన్నో ముద్రణలు వచ్చాయి. పాత పుస్తకాల దుకాణంలో చవకగా దొరికితే ముందు 'లక్' పేజీ తీసి చూడండి. బాగా పాత ప్రతుల్లో ఆ గడి ఉండదు.